పట్టీల బొంత

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పల్లెల్లో, తండాల్లో చలికాలం రాత్రి బొంత లేకుండా గడిచేది కాదు. ఎండాకాలం పొలం పనులు తెరిపి ఇవ్వగానే పాత నూలు చీరలు, ధోవతులు, చిరిగిన దుప్పట్లు బయటికి వచ్చేవి. వాకిట్లో పరిచి, మూలలకు రాళ్లు పెట్టి, ఆడవాళ్లు తలో వైపు కూర్చుని కుట్టేవారు. రగ్గులు చవకయ్యాక బొంత అటకెక్కింది. లేనివాళ్ల సరుకన్న చిన్నచూపూ దానికి తోడైంది. కానీ బొంత వెనుక గుడ్డ గుణం తెలిసిన లెక్క ఉంది. దానికి పట్టీల పద్ధతి కలిపితే, కుట్టుమిషన్ ఉన్న ఏ ఇంట్లోనైనా ఇవాళ మంచి బొంత తయారవుతుంది.

ముందు గుడ్డ సంగతి. బొంతకు పాత నూలే మేలు. ఎన్నో ఉతుకులు తిన్న చీరలో గంజి ఉండదు, కుదించుకుపోవడం అయిపోయి ఉంటుంది, వదలాల్సిన రంగు ఎప్పుడో వదిలేసి ఉంటుంది. అందుకే పసిపిల్లల కిందికి పాత చీరల బొంతే వేసేవారు. పాలిస్టర్ చెమట పీల్చదు, ఇస్త్రీపెట్టె వేడికి ముడుచుకుపోతుంది, నూలుతో కలిపి కుడితే ఉతికాక ఒకవైపు లాగుతుంది. జరీ ఒంటికి గుచ్చుకుంటుంది. ఈ రెండింటినీ పక్కన పెట్టాలి.

ఇక పట్టీలు. అమెరికాలో 2.5 అంగుళాల వెడల్పున ముందే కత్తిరించిన పట్టీలను, సాధారణంగా నలభై చొప్పున, చుట్టగా చుట్టి అమ్ముతారు. దాన్ని జెల్లీ రోల్ అంటారు. మనకు కొనే పని లేదు. అయిదున్నర మీటర్ల చీరను అడ్డంగా చించితే ఎనభైకి పైగా పట్టీలు వస్తాయి. అయిదు చీరల నుంచి ఎనిమిదేసి తీసుకుంటే నలభై. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి చించితే గుడ్డ పోగు వెంట సూటిగా చిరుగుతుంది. కత్తెర వంకర పోవచ్చు గానీ పోగు పోదు.

నలభై పట్టీలను కొసకు కొస కలిపి ఒకటే పొడవు పట్టీగా కుట్టాలి. అతుకు ఏటవాలుగా వేస్తే ఒకేచోట ముద్దగా లేవదు. చీర వెడల్పు 46 అంగుళాలైతే మొత్తం పొడవు 1740 అంగుళాల దాకా వస్తుంది. మొదటి కొస నుంచి 18 అంగుళాలు తీసేయాలి, లేకపోతే అతుకులన్నీ ఒకే వరుసలో పడతాయి. ఇప్పుడు పట్టీని సగానికి మడిచి, పావు అంగుళం వదిలి పొడవునా కుట్టాలి, మడత దగ్గర కత్తిరించాలి. వచ్చినదాన్ని మళ్లీ సగానికి మడిచి కుట్టాలి. ఇలా అయిదుసార్లు చేస్తే 32 వరుసలతో సుమారు 54, 64 అంగుళాల పైగుడ్డ చేతికొస్తుంది. పిల్లలకు అది చాలు. పెద్దలకైతే పక్కలకు 4, తలవైపు కాళ్లవైపు 8 అంగుళాల చొప్పున అంచు అతకాలి. ఏ రంగు పక్కన ఏది పడుతుందో ముందుగా తెలియకపోవడమే ఇందులో సరదా.

ఇక్కడితో ఆగితే అది దుప్పటే. బొంతను చేసేవి పొరలు, చేతికుట్టు. అడుగున గట్టి గుడ్డ, మధ్యలో రెండు మూడు పొరల మెత్తని పాత నూలు, పైన పట్టీలు. ముడత లేకుండా సర్ది, బెత్తెడు ఎడంగా కచ్చా కుట్టు వేసుకోవాలి. తర్వాత పెద్ద సూది, జంట దారంతో అంగుళానికో వరుస కుట్టాలి. అంచు అతకని కొలతకు మిషన్ మీద పని సుమారు 150 అడుగుల కుట్టైతే, చేతికుట్టు దాదాపు 290 అడుగులు. ఈ శ్రమ ఊరికే పోదు. వరుసలు దగ్గరగా ఉంటే లోపలి గుడ్డ ఉండలు కట్టదు, పొరల మధ్య గాలి చిక్కి వెచ్చదనం నిలుస్తుంది, ఒకచోట చిరిగినా చిరుగు పాకదు. అయిదు పొరలు దాటితే మాత్రం సూది దిగదు, ఉతికాక పిండడానికి ఇద్దరు కావాలి.

అతకడం మన చుట్టూ పాత విద్యే. లంబాడా స్త్రీల పేటియా (లంగా), కంచళి (రవిక) రంగుల గుడ్డముక్కలు, అద్దాలతోనే అందగిస్తాయి. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ తెగ స్త్రీలు కవండి అనే తమ బొంతను అంచు నుంచి మొదలుపెట్టి నడిమికి కుట్టుకుంటూ పోతారు. అమెరికాలోని అలబామాలో గీస్ బెండ్ అనే పల్లె నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియం కళాఖండాలుగా ప్రదర్శించింది. మన బొంతలకూ ఆ చూపు దక్కాలి.

మీ ఇంట్లో బొంత కుట్టిన అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఈ ఎండాకాలం ఆమె పక్కన కూర్చోండి. పట్టీలు మీరు అతకండి, పొరలు పరచడం ఆమె దగ్గర నేర్చుకోండి. కొలతలు కాగితం మీద దొరుకుతాయి గానీ, దారం ఎంత బిగువుగా లాగాలన్నది ఆ చేతిని చూసి నేర్వాల్సిందే.