జోల నుంచి తాళం దాకా: ఉత్తరాంధ్ర శిశుగేయాలలో తొలి సంగీతబోధన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

జోలపాటలను, పసిపిల్లల ఆటపాటలను తెలుగు జానపద పరిశోధన ప్రధానంగా సాహిత్యరూపాలుగా పరిశీలించింది. అవి ఒక క్రమం గల బోధన అన్న అంశానికి తగిన చర్చ దక్కలేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నేపథ్యంలో ఆ బోధనాస్వభావాన్ని వివరించడం, దానికీ సంస్థాగత సంగీతవిద్యకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించడం, అంగన్‌వాడీ విద్యలో దాని స్థానాన్ని విమర్శనాత్మకంగా చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జోలపాట, శిశుగేయం, లయ, సంగీతబోధన, విజయనగరం, అంగన్‌వాడీ, సవర భాష.

1. ఉపోద్ఘాతం

శిశువు, పశువు, సర్పం సైతం గానరసాన్ని గ్రహిస్తాయన్న నానుడి సంగీతసభల్లో తరచు వినిపిస్తుంది. ఆ వరుసలో శిశువును ముందు నిలిపిన సంప్రదాయమే, పాఠం ఎక్కడ మొదలవుతుందని అడిగితే మాత్రం మాయామాళవగౌళలోని సరళీస్వరాలను చూపుతుంది. ప్రహ్లాదుడు తల్లి గర్భంలో ఉండగానే నారదుని బోధ విన్నాడన్న భాగవతకథ తెలుగువారికి సుపరిచితం. వినికిడి పుట్టుకకు ముందే మొదలవుతుందన్న ఊహ ఈ సంస్కృతికి కొత్త కాదు. నవజాత శిశువులు ఇతర స్త్రీల కంఠం కన్నా తల్లి కంఠానికే ఎక్కువ మొగ్గు చూపుతారని 1980లో డికాస్పర్, ఫైఫర్ తమ ప్రయోగంలో చూపారు.

పసిపిల్లలు, తల్లిదండ్రులు కలిసి కూర్చొని నేర్చుకునే సంగీత తరగతులు పాశ్చాత్య దేశాల్లో స్థిరపడ్డాయి. 1987లో అమెరికాలో మొదలైన ‘మ్యూజిక్ టుగెదర్’ అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఇక్కడి విద్యావంత కుటుంబాలు ఇటువంటి తరగతులను దిగుమతి అయిన కొత్తదనంగా భావిస్తాయి. ఈ భావన ఎంతవరకు సమంజసమన్నది ఇక్కడి మూలప్రశ్న.

2. పూర్వపరిశోధన: పాఠం మిగిలింది, పాట మిగలలేదు

బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) నాటి నుంచి జానపద గేయాలకు విశ్వవిద్యాలయ స్థాయి గౌరవం దక్కింది. ఆ కృషి వల్లనే ఎన్నో గేయాలు దక్కాయి. అయితే ఆ మార్గంలో వచ్చిన సేకరణలు ఎక్కువగా గేయపాఠాన్ని ముద్రించి, వస్తువును, రసాన్ని, సామాజిక విషయాలను వివరించాయి. స్వరలిపి అరుదు. పాటతో పాటు చేయి ఎలా కదిలింది, బిడ్డ ఎక్కడ కూర్చుంది, ఏ మాట దగ్గర నవ్వింది అన్న వివరం ఇంకా అరుదు.

ఈ లోటు తీవ్రత ఒక పోలికతో తెలుస్తుంది. శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో 1913లో జన్మించిన శ్రీపాద పినాకపాణి ‘సంగీత సౌరభం’ సంపుటాల్లో కృతులను గమకసహితంగా స్వరపరచి భద్రపరిచారు. ఆ జిల్లా ఊయలపాటలకు అటువంటి స్వరబద్ధ సంపుటం లేదు. ఒకటి శాస్త్రం, మరొకటి వాత్సల్యం అన్న విభజన పరిశోధకుల మనసుల్లో ముందే జరిగిపోయింది.

మాండలికం విషయంలోనూ ఇదే నష్టం జరిగింది. ఉత్తరాంధ్ర వాడుకలో ‘చిన్న’ అన్నది ‘సిన్న’గా, ‘చెప్పు’ అన్నది ‘సెప్పు’గా పలుకుతారు. ముద్రణలో దీన్ని సవరించినప్పుడు అర్థం మారదు. పాటలో మాత్రం దెబ్బ మీద పడే ధ్వని మారుతుంది. శిశువు అర్థాన్ని కాక ధ్వనిని వింటుంది కనుక, ఆ సవరణ బోధనాసామగ్రినే మార్చినట్లు అవుతుంది.

3. ఒడిలోని పాఠక్రమం

జోలపాట బోధన కాదు, అది నిద్రపుచ్చే సాధనం మాత్రమేనన్న వాదన ఉంది. బోధించాలన్న ఉద్దేశం పాడేవారికి లేదన్నది నిజమే. కానీ బోధనను ఉద్దేశంతో కాక దశలతో, ఆవృత్తితో, ప్రతిస్పందనతో కొలిస్తే ఆ వాదన నిలవదు.

మొదటి దశలో బిడ్డ కదలదు, ఊయలే కదులుతుంది. పాట నడక ఊయల ఊపుకు లోబడి ఉంటుంది కనుక కాలప్రమాణం చెవితో పాటు శరీరమంతటికీ అందుతుంది. ‘జో అచ్యుతానంద’ వంటి ప్రసిద్ధ లాలిని నవరోజులో పాడటం వాడుక. ఆ రాగం మధ్యస్థాయి పంచమాన్ని దాటి పైకి పోదు. తారస్థాయి అవసరం లేని ఇటువంటి రాగాలు శిక్షణ లేని గొంతుకు కూడా అందుతాయి. జోలకు కావలసింది గాత్రప్రదర్శన కాదు, అలసిన తల్లి కూడా పాడగలగడం.

బిడ్డ కూర్చోగలిగిన దశలో ‘తారంగం’ ఆట వస్తుంది. అంతవరకు విన్న లయను ఇప్పుడు చేతులు పలుకుతాయి. పెద్దలు పట్టుకొని ఆడించిన చేతులు కొన్నాళ్ళకు వాటంతటవే తిరుగుతాయి. అనుకరణ నుంచి స్వతంత్రతకు జరిగే ఈ మార్పును గురుశిష్య పద్ధతిలోని ‘చెప్పించడం, అప్పగించుకోవడం’ అన్న రెండు మెట్లతో పోల్చవచ్చు.

మూడో దశ ‘కాళ్ళాగజ్జె’ ఆట. పిల్లలు కాళ్ళు చాచి వరుసగా కూర్చుంటారు. పెద్దవారు ఒక్కొక్క మాటకు ఒక్కొక్క కాలు తాకుతూ పోతారు. చివరి మాట ఎవరి కాలి మీద పడితే ఆ కాలు ముడుచుకోవాలి. ఇక్కడ లయ కంటికి కనిపించే దూరంగా మారుతుంది. పాట ఎప్పుడు ముగుస్తుందో, చివరి దెబ్బ ఎక్కడ పడుతుందో పిల్లలు ముందే అంచనా కడతారు. ఆవర్తం పూర్తయి సమానికి చేరడం అన్న తాళభావనకు ఇది తొలి రూపం. ‘చెమ్మచెక్క’లో ఆ లయను మరొకరి చేతులతో కలపాలి, అది సమూహగానానికి ముందుమెట్టు.

ఈ క్రమంలో గమనించవలసిన మరో అంశం అసలు విద్యార్థి ఎవరన్నది. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన యువతి బారసాలనాడు పెద్ద ఆడవాళ్ళ పాటలు వింటుంది. తరువాతి నెలల్లో తల్లి నోట విని పాడటం మొదలుపెడుతుంది. బిడ్డతో పాటు తల్లి కూడా ఇక్కడ నేర్చుకుంటుంది. ఆధునిక కుటుంబ సంగీత తరగతి కూడా తల్లిదండ్రులకు నేర్పి వారి ద్వారా శిశువును చేరాలనే ఆశిస్తుంది. కనుక ఆ తరగతి రూపం కొత్తదే కానీ సూత్రం కొత్తది కాదు.

4. సంగీత కళాశాల, ఇంటి పాఠం

విజయనగరంలో 1919లో ఏర్పడిన మహారాజా సంగీత కళాశాల తెలుగునేల సంగీతవిద్యకు మూలస్తంభం. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు 1936లో ఆ బాధ్యత స్వీకరించారు. ఘంటసాల, పి. సుశీల అక్కడే చదివారు. చూపులేని ఒక బాలుని సంగీతాభిలాషే ఆ సంస్థ స్థాపనకు ప్రేరణ అన్న కథనం ప్రచారంలో ఉంది. నారాయణదాసు ఐదేళ్ళ వయసులో పుస్తకాల అంగడిలో భాగవతపద్యాలు వల్లించి విన్నవారిని ఆశ్చర్యపరిచాడన్న కథనం కూడా అంతే ప్రసిద్ధం.

ఈ రెండు కథనాలను సాధారణంగా దైవదత్త ప్రతిభకు నిదర్శనాలుగా చెబుతారు. ఆ చదువు వెనుక వినికిడి పాఠం ఉందన్న సంగతి అందులో మరుగునపడుతుంది. చేరేనాటికే శ్రుతి పట్టగలిగి, లయ తప్పని విద్యార్థిని సంస్థ ఆశిస్తుంది. ఆ అర్హతను సిద్ధం చేసిన ఇంటి ఆడవారికి సంగీతచరిత్రలో పేరు లేదు. హంగరీలో జోల్తాన్ కొదాయ్ జానపదగేయాన్ని సంగీతపు మాతృభాషగా భావించి పాఠశాల విద్యను దాని మీద నిర్మించారు. తెలుగునేల సంస్థాగత విద్య ఆ వంతెనను కట్టలేదు.

5. ఆదర్శీకరణకు హద్దులు

ఇంటి పాఠాన్ని పొగిడి ఊరుకోవడం కూడా విమర్శ కాదు. జోలపాటల వస్తువులో మగబిడ్డ పట్ల పక్షపాతం, సంపన్న గృహాల ఊహాచిత్రాలు కనిపిస్తాయి. బంగారు ఊయల పాడే తల్లి బిడ్డ పొలం గట్టున చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో నిద్రపోయి ఉండవచ్చు. పలాస జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే స్త్రీకి పగటిపూట పాడే తీరిక తక్కువ. వలస పోయిన కుటుంబాల్లో బిడ్డలు అమ్మమ్మల, నాయనమ్మల దగ్గరే పెరుగుతారు. తీరిక కూడా ఒక సామాజిక వనరేనన్న గుర్తింపు లేకుండా ‘తల్లులు పాడటం మానేశారు’ అని నిందించడం అన్యాయం.

భాష మరో హద్దు. సీతంపేట మన్యంలోని సవర బిడ్డకు తొలి లయ తెలుగులో అందదు. శ్రీకాకుళం ప్రాంతంలోనే పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాషకు వ్యాకరణం (1931), నిఘంటువు (1938) సమకూర్చారు. అంతటి పునాది ఉన్నా ఆ బిడ్డ అంగన్‌వాడీలో అడుగుపెట్టగానే తెలుగు, ఆంగ్ల గేయాలనే వింటే, సంగీతం పేరుతో మాతృభాష దూరమవుతుంది.

6. అంగన్‌వాడీ: అవకాశం, ప్రమాదం

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీని పల్లెకు తెచ్చింది. పుట్టుక నుంచి మూడేళ్ళ వరకు శిశుప్రేరణ కోసం 2024లో ‘నవచేతన’ చట్రం వచ్చింది. మూడేళ్ళలోపు బిడ్డ సంరక్షకుల ఒడిలోనే నేర్చుకుంటుందన్న గుర్తింపు విధానంలోకి రావడం మంచి పరిణామం. ప్రమాదం అమలులో ఉంది. ఫోనులో మోగే గేయం బిడ్డ కోసం ఆగదు. బిడ్డ నవ్వితే నెమ్మదించదు, నిద్రలోకి జారితే గొంతు తగ్గించదు. ప్రతిస్పందన లేనిచోట శ్రవణం ఉంటుంది కానీ బోధన ఉండదు.

కావలసింది కొత్త గేయాల పుస్తకం కాదు. వారానికొకసారి ఊరి పెద్ద ఆడవాళ్ళు, తల్లులు, తండ్రులు, బిడ్డలు కలిసి కూర్చొనే వేళ కావాలి. మన్యంలో ఆ వేళ సవరలోనే సాగాలి. పక్షపాతం గల మాటలను మార్చి పాడే స్వేచ్ఛ పాడేవారికే ఉండాలి. జానపదం ఎప్పుడూ అలాగే బతికింది.

7. ముగింపు

ఉత్తరాంధ్ర శిశుగేయాలు ఊపు నుంచి చేతికి, చేతి నుంచి సమూహానికి సాగే సంగీతపాఠం. వాటిని సాహిత్యంగా మాత్రమే చదవడం వల్ల నేర్పినవారి విద్వత్తు లెక్కకు రాలేదు. తెలుగు, సంగీత శాఖలు కలిసి దృశ్య శ్రవణ సహితంగా, స్వరలిపితో, ఉచ్చారణ సవరించకుండా ఈ గేయాలను నమోదు చేయడం తక్షణ కర్తవ్యం. ఆ నమోదులో పాట వరుసతో పాటు పాడినవారి పేరును, వారి అనుమతితో, బోధకురాలిగా చేర్చాలి. ఈ పాఠం తెలిసిన తరం వయసు మీరుతోంది కనుక, ఆలస్యమైతే పాటల మాటలు పుస్తకాల్లో మిగిలినా వాటిని నేర్పే తీరు దక్కదు.