కొలతకందని ఎడమపాదం: మస్తిష్క పక్షవాతం, ధరించే పరికరాలు

ఐరిష్ రచయిత క్రిస్టీ బ్రౌన్ 1954లో వెలువరించిన ఆత్మకథ ‘మై లెఫ్ట్ ఫుట్’ను వైకల్యంపై సంకల్పబలం సాధించిన విజయగాథగా చదవడం పరిపాటి. 1989 నాటి చలనచిత్రం ఆ పఠనాన్ని మరింత స్థిరపరచింది. పిల్లల కదలికలను చేతిపట్టీలు లెక్కించి, అంతర్జాలం ద్వారా చికిత్సకులకు చేరవేస్తున్న ఈ కాలంలో ఆ గ్రంథం మరొక ప్రశ్నను ముందుంచుతుంది: ఏ కదలిక లెక్కలోకి రావాలో నిర్ణయించేది ఎవరు?

మస్తిష్క పక్షవాతం గల పిల్లలు చికిత్సాలయంలో చేయగలిగినదీ, ఇంట్లో వాస్తవంగా చేసేదీ ఒకటి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన వర్గీకరణ వీటిని సామర్థ్యం, నిర్వహణ అని వేరుచేసింది. చికిత్సకుల కంటపడని రెండవదాన్ని చూపడమే ఈ పరికరాల ప్రయోజనం. ఒక చెయ్యి బలహీనంగా ఉన్న పిల్లలకు రెండు మణికట్లకూ త్వరణమాపకాలు కట్టి, ఏ చెయ్యి ఎంత కదిలిందో పోల్చుతారు. తల్లిదండ్రుల జ్ఞాపకంపై ఆధారపడిన వివరాలకన్నా ఇది నిస్సందేహంగా మేలు.

అయితే త్వరణమాపకానికి చలనమే తెలుసు, ఉద్దేశం తెలియదు. బ్రౌన్‌ది అసంకల్పిత చలనాలు అధికంగా ఉండే రకం. అటువంటి శరీరంలో చేతులు వాటంతటవే కదులుతుంటాయి. పట్టీ వాటినీ వినియోగంగానే జమకట్టవచ్చు. ఐదేళ్ల వయసులో, డబ్లిన్‌లోని ఇంట్లో, అతడు సోదరి చేతిలోని సుద్దముక్కను ఎడమకాలి వేళ్లతో లాక్కున్నాడు. తల్లి గీసి చూపిన ‘ఏ’ అక్షరాన్ని నేలపై దిద్దాడు. మణికట్టు పట్టీ ఆ క్షణాన అర్థంలేని చేతి కుదుపులను నమోదుచేసేది, అక్షరాన్ని కాదు.

పట్టీని ఎక్కడ కట్టాలన్న నిర్ణయంలోనే చికిత్సాదృక్పథం దాగి ఉంది. అనంతరకాలంలో లండన్‌లో బ్రౌన్‌ను పరీక్షించిన ఐరీన్ కాలిస్, చికిత్స ఫలించాలంటే ఎడమపాదం వాడకం మానాలని షరతు పెట్టారు. వైద్యపరంగా అందులో తర్కముంది. బాగున్న చేతిని కట్టడిచేసి బలహీనమైన చేతికి అభ్యాసమిచ్చే నేటి పద్ధతి కూడా ఈ తర్కానికి దగ్గరిదే. రచయితకు మాత్రం అది కలాన్ని వదులుకోమనడమే. విజయగాథా పఠనాలు త్వరత్వరగా దాటిపోయే ఈ ఘట్టమే గ్రంథంలో అన్నిటికన్నా బరువైనది.

ప్రస్తావవశాత్తు, తెలుగులో ‘పునరావాసం’ అన్న మాట ముంపుగ్రామాలవారికీ, ఈ పిల్లలకూ ఒకేలా వర్తిస్తోంది. సమ్మతి ఎవరిదన్న ప్రశ్న మొదటి సందర్భంలో వినిపించినంతగా రెండవదానిలో వినిపించదు.

పట్టీ పంపే నివేదిక చికిత్సకులకూ తల్లిదండ్రులకూ చేరుతుంది. పిల్లలు అందులో పాత్రలే గాని పాఠకులు కారు. బ్రౌన్ సోదరులచేత రాయించినా, తన శరీరాన్ని గురించి తానే చెప్పాడు. అన్నం కలుపుకోవడం లెక్కలోకి రావాలో, బొమ్మను దగ్గరకు లాక్కోవడం రావాలో, పట్టీ అసలు చేతికి కట్టాలో కాలికి కట్టాలో ఆ పిల్లలనే అడిగి నింపే గడి ఒకటి ఈ నివేదికల్లో ఉండాలి.