ద్వారబంధము ధర

గడచిన ఆదివారమునాడు రాజమహేంద్రవరములోని ఒక కలప అడితికి, ద్వారబంధమునకు తగిన టేకు చూచుటకై పోయి, ఘనపుటడుగు ధర వినినంతనే, వర్తకుని దురాశయే దీనికెల్ల మూలమని నిశ్చయించుకొంటిని. గుమ్మపు కర్ర విషయమున లోభము కూడదని ఈ శీర్షికలో ఎన్నిసార్లు వ్రాసితినో పాఠకులకు తెలియును. అట్టి నాకే ఆనాడు చేయి వెనుకాడినది. అతడు కోపగింపక, దుంగ మొగమును తడిగుడ్డతో తుడిచి, నడిమి చేవను, చుట్టునున్న తెల్లని పొరను చూపి, "ముందు ఈ వలయాలు లెక్కపెట్టండి బాబుగారూ, ధర సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అనెను. నలుబది దాటునప్పటికి నా చూపు తడబడినది.

ఇంటికి వచ్చుచు గోదావరి గట్టున నిలిచితిని. నా చిన్ననాడు భద్రాచలపు అడవులనుండి కలప తెప్పలు దిగివచ్చుచుండగా, రంగూనులోని కోతమిల్లులో యౌవనమెల్ల గడిపి వచ్చిన మా తాతగారు నన్ను అక్కడనే నిలువబెట్టుకొని, పచ్చి టేకు నీట సరిగా తేలదు గనుక బర్మావారు చెట్టు మొదట చుట్టును బెరడును తెల్లకర్రను కోసి, నిలువుననే రెండు మూడేండ్లు ఎండనిచ్చి, పిమ్మట నరికి, వరదనీటికై వేచి ఐరావతికి అప్పగించెడివారని చెప్పుచుండెడివారు. అనగా, ఒకనాటి బజారుకు చేరిన దుంగ ఎన్నియో ఏండ్ల క్రిందట నిర్ణయమైన దుంగ. ధర పెరిగినదని తొందరపడి నరికిన మ్రాను ఆ ధరకు అందదు. ఇండ్లు కట్టువారికి అట్టి ఓపిక లేదు. ముహూర్తములు దగ్గరపడగానే అందరికిని ఒక్కసారే తలుపులు కావలయును. ఆ బర్మా ప్రభుత్వమే 2014 ఏప్రిల్ 1 నుండి దుంగల ఎగుమతిని నిషేధింపగా, అందులో అడితివాని దోషమేమున్నది?

ధర పెరుగుటను గూర్చియే ఇంతవరకు వగచితిని గాని, తరుగుటయే అంతకంటె భయంకరమని నాకిప్పుడు తోచుచున్నది. సముద్రతీరమున మా మేనల్లుడు, సరుగుడుకు మంచి ధర పలికిన ఏట రెండెకరములలో నారు నాటెను; ఇరుగుపొరుగువారును ఆ ఏటనే నాటిరి. నాలుగేండ్లకు తోటలన్నియు ఒక్కపెట్టున కోతకు వచ్చినవి. కొనువారు కాగితపు మిల్లులవారు, సెంట్రింగు కర్రల వర్తకులు, కొద్దిమందియే. నరుకుడు కూలి, లారీ కిరాయి పోగా అతనికి మిగిలినది నారు ఖర్చునకైన చాలలేదు. ఇట్లు విసిగినవారు నాటుట మానిన ఏండ్లలోనే రాబోవు కరవు మొలచుచున్నది. అప్పటి అధిక ధరకు నేటి ఈ అల్ప ధరయే తల్లి.

సోమవారము అడితికి మరల పోయి, అడిగిన ధర ఇచ్చి, ఆ దుంగను కోతకు పంపితిని. మేనల్లుడు మాత్రము సరుగుడు మొదళ్లు పెకలించి రొయ్యల చెరువు త్రవ్వించుచున్నాడు.