వాల్చిన అక్షరం వేరు, రాసిన అక్షరం వేరు

రెడ్డియార్‌పాళయం దాటి పుదుచ్చేరి పాత ఊళ్లోకి వస్తే నీలి పలకల మీద తెల్లని తమిళ, ఫ్రెంచ్ అక్షరాల్లో వీధుల పేర్లు కనిపిస్తాయి. యానాం ఈ కేంద్రపాలిత ప్రాంతంలోదే కాబట్టి ఇక్కడి భాషల్లో తెలుగుకూ చోటుంది. ఇన్ని లిపులు కలిసి బతికే చోట ప్రతి లిపి స్వభావాన్నీ విడిగా గుర్తించాలి. ముఖ్యంగా రోమన్ లిపిలోని ఇటాలిక్‌ను చూసి తెలుగును పక్కకు వాల్చే అలవాటు మన అచ్చుపనిలో ఉంది కనుక, ఆ ఇటాలిక్ ఏమిటో తెలుసుకోవాలి.

ఇటాలిక్ కలంలోంచి పుట్టింది. 15వ శతాబ్దపు ఇటలీ పండితులు వేగంగా రాసుకున్న చేతిరాతను అనుసరించి, వెనిస్ ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ కోసం ఫ్రాన్సెస్కో గ్రిఫో ఈ అచ్చులు చెక్కాడు. 1501లో వర్జిల్ కావ్యాలు ఈ అక్షరాలతోనే చేతిలో ఇమిడే పుస్తకంగా వచ్చాయి.

వెడల్పు పాళీని ఏటవాలుగా పట్టి రాస్తే గీత ఒక దిక్కున లావుగా, మరో దిక్కున సన్నగా పడుతుంది. ఇటాలిక్ అందమంతా ఆ తేడాలోనే ఉంది. నిలువు అక్షరం చివర అడ్డపట్టీలా నిలిచే సెరిఫ్, ఇక్కడ కలం కాగితం మీద దిగి లేచిన జాడగా మారుతుంది. ఇంగ్లిష్ చిన్న 'ఎఫ్' తోక, అక్షరాలు నిలిచే గీత కిందికి దిగుతుంది. చిన్న 'ఏ' పైకొక్కెం పోగొట్టుకుని గుండ్రబడుతుంది. అంటే ఆకారాలే మారతాయి. వాలు వాటితో పాటు వచ్చేదే. పుస్తకాల పేర్లకు, పరభాషా పదాలకు, మొక్కల శాస్త్రీయ నామాలకు, ఆహ్వానపత్రాలకు ఇది చక్కగా నప్పుతుంది. పేజీల కొద్దీ వాడితే మాత్రం కన్ను అలుస్తుంది.

తెలుగులో కంప్యూటర్ చేసే పని వేరు. ఉన్న అక్షరాన్నే యంత్రం పక్కకు నెడుతుంది. అక్షరాలు నిలిచే గీతకు పైనున్న గుడి కుడికి, కిందనున్న వత్తు ఎడమకు జరుగుతాయి. తల్లి అక్షరానికీ వత్తుకూ పొత్తు చెడుతుంది. మన లిపికి ప్రాణమైన గుండ్రదనం కోడిగుడ్డులా సాగుతుంది. గూగుల్ వారి నోటో సెరిఫ్ తెలుగు ఫాంటులో ఇటాలిక్ రూపమే లేదు. అయినా బటన్ నొక్కితే వాలు అక్షరం వస్తోందంటే, అది ఎవరూ గీయని అక్షరం.

తెలుగు కలం నడకను అచ్చులోకి తెచ్చే దారి మనకు తెలియనిది కాదు. చిత్రకారుడు బాపు రాత చూడండి. పుస్తకాల అట్టల మీద, సినిమా పేర్లలో ఆయన అక్షరం చేతి వేగాన్ని దాచుకోదు. ఆ రాత ఫాంటుగా మారి శుభలేఖలకు ఎక్కింది. సిలికానాంధ్ర సంస్థ పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ వంటి పేర్లతో ఉచితంగా అందించిన ఫాంటుల్లోనూ ఎంచుకోవడానికి వైవిధ్యం ఉంది.

డీటీపీ చేసేవారికీ, శుభలేఖలు అచ్చువేయించేవారికీ ఒక్క మనవి. తెలుగు మాటను ఎత్తిచూపాలంటే బోల్డ్ చేయండి, కోట్స్‌లో పెట్టండి, లేదా చేతిరాత ఫాంటు ఒకటి ఎంచుకోండి. తెలుగు అక్షరాన్ని మాత్రం యంత్రంతో వాల్చకండి.