గోలీ దొర్లే దారి

వాలు పెంచితే గోలీ జోరుగా దొర్లుతుందని ఏ పిల్లకీ చెప్పక్కర్లేదు. ఆ జోరు మలుపు దగ్గర ఏం చేస్తుందో మాత్రం గోలీ గాడి తప్పి నేలమీద పడ్డాకే తెలుస్తుంది. గాడులు, గొట్టాలు, మలుపులు జోడించి గోలీకి పైనుంచి కిందికి దారి కట్టే ఆట విలువంతా ఆ పడటంలోనే ఉందని నా నమ్మకం.

ఈ ఆటకి పేరున్న సెట్లు యూరప్‌వి. స్విట్జర్లాండ్‌వాళ్ల క్యూబొరోలో 5 సెంటీమీటర్ల చెక్క ఘనాలుంటాయి. పైన గాడి, లోపల సొరంగం. కొన్నిచోట్ల గోలీ లోపలికి పోయి కనబడదు, ఎటునుంచి బయటికొస్తుందో ముందే ఊహించుకుని ఘనాలు పేర్చాలి. జర్మనీ కంపెనీ రావెన్స్‌బర్గర్ 2017లో తెచ్చిన గ్రావిట్రాక్స్‌లో ఉక్కు గోలీలతో పాటు అయస్కాంతం ఉన్న ఫిరంగి ముక్క కూడా ఉంటుంది. మెల్లగా వచ్చి తగిలిన గోలీ ఒకవైపు, రివ్వున దూసుకుపోయే గోలీ ఇంకోవైపు. ఆ అదనపు శక్తి ఎక్కడిదని పిల్లలు తప్పకుండా అడుగుతారు. మంచి సెట్లే, కానీ వేల రూపాయల ధర.

బళ్లారి పక్కనున్న కప్పగల్లులో వీటి కోసం ఆగాల్సిన పనిలేదు. గోలీలు పిల్లల జేబుల్లో ఉన్నవే. కావాల్సిందల్లా అంగుళం పీవీసీ పైపు నిలువునా చీల్చిన బద్దలు, నాలుగు ఇటుకలు, కొంచెం బంకమట్టి, దారం. పైపు కోసే పని మాత్రం పెద్దవాళ్లది. కోసిన అంచుల్ని గరుకు కాగితంతో రుద్దాలి, లేకపోతే చేతులు గీసుకుంటాయి. బద్దని ఇటుకల మీద ఆనించి మట్టితో కదలకుండా నిలబెడితే మొదటి దారి తయారు.

ఇక మలుపు. రెండు బద్దల్ని మూలగా కలిపి గోలీ వదిలితే అది తిరగదు, తిన్నగా బయటికి దూకుతుంది. "మళ్లా పడిపాయె కదన్నా!" అని చిన్నవాడు అరుస్తాడు. "బయటి పక్క ఎత్తు చెయ్‌రా" అంటాడు పెద్దవాడు, మట్టి ముద్ద తోస్తూ. ఇంజినీర్లు రోడ్డు వంపుల్లో బయటి అంచు పైకి లేపేది ఇందుకే. వేగం రెండింతలైతే గోలీని అదే వంపులో తిప్పడానికి కావాల్సిన బలం నాలుగింతలు. ఈ లెక్క తరగతిలో తర్వాత వచ్చినా ఫర్వాలేదు. కాస్త వాలు పెంచగానే మలుపు అంత ఘోరంగా ఎందుకు చెడిందో చేతులకి అప్పటికే తెలిసి ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం చెవితో చేసేది. కప్పగల్లు పిల్లలకి ఇది చెప్పేటప్పుడు వాళ్ల కొండ గుర్తుకు రాకుండా ఉండదు. గ్రానైటు గుట్టల మధ్య నల్లటి డోలరైటు రాతి చారిక ఉందక్కడ. కొత్త రాతియుగం మనుషులు ఆ రాయితో గొడ్డళ్లు చేసుకున్నారు, బండల మీద ఎద్దుల బొమ్మలు చెక్కారు. కొన్ని బండల్ని రాయితో కొడితే ఖంగుమని మోగుతాయి. అలా కొట్టి కొట్టి అరిగిన గుంటలు ఇప్పటికీ వాటి మీదున్నాయి.

ఇక చెవితో చేసే ఆ ప్రయోగం. పొడవాటి పైపు బద్ద తీసుకోండి. గోలీ వదిలేచోటు నుంచి 10, 40, 90, 160 సెంటీమీటర్ల దగ్గర సన్నటి కుట్టుదారం చుట్టండి. 160 సెంటీమీటర్లకి 5 సెంటీమీటర్ల ఎత్తు చాలు. గోలీని నెట్టకుండా వదిలి కళ్లు మూసుకుని వినండి. దారాల మధ్య దూరం పెరుగుతూ పోతున్నా టిక్కు టిక్కుకీ మధ్య వ్యవధి మాత్రం సమానం, దాదాపు ఒక సెకను. మొదటి సెకనులో ఒక వంతు నడిస్తే తర్వాతి సెకన్లలో మూడు, అయిదు, ఏడు వంతులు. వాలుమీద దొర్లే గుండు గురించి గెలీలియో 1638లో అచ్చువేసిన నియమం ఇదే. ఆయన దగ్గర సెకన్లు చూపే గడియారం లేదు, నీళ్లు కారబెట్టి తూచి కాలం కొలిచాడు. గడియారం లేనిచోట చెవి మంచి పరికరం. దారాలు సమాన దూరాల్లో చుట్టి మళ్లీ వినమనండి. టిక్కులు దగ్గరదగ్గరగా తరుముకొస్తాయి, తేడా ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

గోలీ చేత నిలువుగా పూర్తి చుట్టు వేయించాలని ప్రతి పిల్లా పట్టుబడుతుంది. రాపిడి లేకుండా జారే వస్తువుకైతే చుట్టు వ్యాసార్థానికి 2.5 రెట్ల ఎత్తు చాలు. గోలీ దొర్లుతుంది కాబట్టి దాని శక్తిలో 7లో 2 వంతులు తన చుట్టూ తాను తిరగడానికే పోతాయి. అందుకని 2.7 రెట్లు కావాలి. రాపిడికి ఇంకొంత కలపాలి. మూడు రెట్ల ఎత్తు నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ పొమ్మంటాను.

ఈ సీమలో వాలు అంటే బతుకుతెరువు. హంపి రాజప్రాంగణంలో రాతి కంబాల మీద రాతి తొట్లు వరసగా పేర్చి కోనేటికి నీళ్లు పారించారు. వాటి వాలు తప్పితే నీరు నిలిచిపోతుంది. విజయనగరం నాటి తుర్తు కాలువ నేటికీ పారుతోంది. తుంగభద్ర ఎగువ కాలువ బళ్లారి జిల్లా దాటి అనంతపురం వైపు వెళ్లేదీ వాలు లెక్క మీదే. ఇటుకల మీద బద్ద పెట్టి ఎత్తు సవరిస్తున్న పిల్ల చేసేది సరిగ్గా ఆ పనే. ఒకసారి హంపి తీసుకెళ్లి ఆ తొట్ల దగ్గర నిలబెడితే తనకే అర్థమవుతుంది.

ఆంధ్రలో కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ 1999 నుంచి చేతులతో చేసే సైన్సుని పల్లె బడులకి మోసుకెళుతోంది. కప్పగల్లు లాంటిచోట పిల్లలకి బడిలో కన్నడం, చాలా ఇళ్లలో తెలుగు. గోలీ ఎందుకు పడిందో ఏ భాషలో వాదించుకున్నా మంచిదే, రెండూ కలిపినా మంచిదే.

టీచర్లని నేను కోరేది రెండే. గోలీ పడగానే చెయ్యి పెట్టి సరిచెయ్యకండి. పడ్డచోట సుద్దతో గుర్తు పెట్టించి, తర్వాతిసారి ఎక్కడ పడుతుందో ముందే చెప్పించండి. ఇంకొకటి, గంట కొట్టగానే కట్టింది విప్పించకండి. 40 నిమిషాల పీరియడులో మలుపు ఒకటి కుదిరితే గొప్ప. మిగతా దారి మర్నాడు అక్కడినుంచే మొదలవ్వాలి, అందుకు తరగతి గదిలో ఒక మూల వదిలితే చాలు.