రైలు దాచిన ఎత్తుపల్లాలు

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి మా వరండాలో మొట్టమొదట జరిగే పని సైకిలు టైర్లలో గాలి తియ్యడం. వారమంతా ఊళ్ళో తారురోడ్ల మీద తిరగడానికి గట్టిగా కొట్టించిన గాలి మొరం దారుల మీద పనికిరాదు. చక్రం గులకరాళ్ళ మీద బంతిలా ఎగురుతుంది, పట్టు దొరకదు. వాల్వు నొక్కి బుస్సుమనిపించి, బొటనవేలితో టైరు అదిమి చూసి, మళ్ళీ కాస్త వదిలి, పాతిక పౌండ్లకి అటూఇటూగా తెస్తాను. రెండంగుళాల పైన వెడల్పున్న టైరు అప్పుడు మెత్తబడి నేలని పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే ఇంకో తంటా. రాయి తగిలినప్పుడు ట్యూబు ఆ రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఎంత గాలి ఉంచాలో పంపు మీద ముల్లు ఒక లెక్క చెబుతుంది, ఆఖరి మాట మాత్రం బొటనవేలిదే. వానాకాలం వెళ్ళాక ఒకలా, ఎండాకాలంలో ఇంకోలా.

ఖరగ్‌పూర్‌లో కొండల సైకిలేమిటి అని అడిగేవాళ్ళు చాలామంది. అడగడంలో తప్పు లేదు. ఈ ఊరంటే స్టేషను, వర్క్‌షాపు, ఐఐటీ. 1072.5 మీటర్ల మా ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. తరవాత గోరఖ్‌పూర్, హుబ్బళ్ళి దాన్ని దాటాయి. దాని ఈ కొసన నిలబడి ఆ కొసకి చూస్తే నేలని స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. ఇక్కడ పుట్టి పెరిగిన మాకు ఈ ప్రాంతమంతా బల్లపరుపు అనే నమ్మకం అక్కడే కుదురుకుంది. నలభై ఏళ్ళు వచ్చేదాకా నేనూ అదే అనుకున్నాను.

రైలుకి ఎక్కుడు పడదు. ఇనుప చక్రం, ఇనుప పట్టా. నూరడుగుల దూరానికి ఒక్క అడుగు లేచినా ఇంజనుకి భారమే. అందుకని పట్టాలు వేసేవాళ్ళు మిట్ట వస్తే కోస్తారు, పల్లం వస్తే గట్టు పోస్తారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడికి వచ్చినప్పుడు చేసింది కూడా అదే. మా ముత్తాత శ్రీకాకుళం వైపునించి ఆ గ్యాంగుల్లోకి తట్టలు మొయ్యడానికి వచ్చాడు. ఆయన ఏ మిట్టని తవ్వాడో, ఆ ఎర్రమట్టిని ఏ పల్లంలో పోశాడో ఎవరికీ తెలీదు. ఆ తరవాత మా ఇంట్లో అందరం రైల్వే తిండే తిన్నాం, రైల్లోనే తిరిగాం. కిటికీలోంచి నేల ఎప్పుడు చూసినా సమంగానే కనిపించింది. అది అలా ఉండదని నాకు తెలిపినవి నా తొడలు.

ఛోటానాగపూర్ పీఠభూమి ఝార్ఖండ్‌లోంచి తూర్పుకి దిగుతూ దిగుతూ ఆఖరి మెట్లు మా జిల్లాలో వేస్తుంది. ఊరు దాటి పడమటికో, కంసావతి దాటి మేదినీపూర్ అవతలికో వెళ్ళి తారురోడ్డు వదిలితే చాలు, ఎర్రమట్టి అలలు అలలుగా లేస్తుంది. ఒక్కో అల మహా అయితే తాటిచెట్టంత. అయితేనేం, ఒకదాని వెనక ఒకటిగా పాతిక వస్తాయి. పై భాగాన సాల వనం, కింద వరిమడి, మధ్యలో వానకి కోసుకుపోయిన బండిదారి. పర్వతాల మీద తిరిగొచ్చిన కుర్రాళ్ళు దీన్ని చూసి పెదవి విరుస్తారు. వాళ్ళతో నేను వాదన పెట్టుకోను. నాతో ఒక్కసారి గుడ్‌గుడీపాల్ అడవి దాకా రమ్మంటాను, అంతే.

ఈ దారుల్లో ఎక్కడమంటే గేరు సంగతి. మిట్ట మొదలయ్యాక గేరు మారిస్తే చైను కరకరమంటుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా. మిట్ట కంట్లో పడగానే, కాళ్ళ మీద ఇంకా బరువు పడకముందే మార్చెయ్యాలి. లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం మొరంలో గిర్రున తిరిగి అక్కడే ఉండిపోతుంది. సీటు ముందు కొసకి జరిగి, మోచేతులు వంచి, కూర్చునే తొక్కాలి.

దిగడం వేరే విద్య. మొరం గులకలు మిరియాలంత ఉంటాయి, గుండ్రంగా. పళ్ళెంలో మిరియాలు పోసి వాటి మీద నడవమన్నట్టే ఉంటుంది. పెడళ్ళు రెండూ ఒకే ఎత్తులో ఉంచి వాటి మీద నిలబడాలి. నడుము సీటు వెనక్కి పోవాలి. బ్రేకు మీద ఒక్క వేలు చాలు. చూపు చక్రం ముందు రాయి మీద పడకూడదు, రాయిని చూస్తే రాయి మీదికే పోతాం. పోవలసిన చోటునే చూడాలి. ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను గానీ మొదటి ఏడాది ఒక మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టాను. చక్రం పక్కకి జారిపోయింది. మోచెయ్యి నించి మణికట్టు దాకా తోలు లేచిపోయింది. పక్క తోపులో సాల ఆకులు కోస్తున్న సంతాలీ ఆవిడ ఆకుల మోపు దించి వచ్చింది. ఏమైందని అడగలేదు. తన సీసాలో నీళ్ళు, సగం రోజుకి తెచ్చుకున్న నీళ్ళు, అన్నీ నా చేతి మీద పోసి ఇసక కడిగేసింది. ఆవిడకి నా బెంగాలీ సగమే అర్థమైంది, ఆవిడ మాట నాకు ఒక్కటీ తెలీలేదు. ఆ మచ్చ ఇప్పటికీ చేతి మీదుంది. ముందు బ్రేకు మీద వేలు వేసినప్పుడల్లా కనిపిస్తుంది.

ఆ రోజు వంకరపోయిన చక్రాన్ని మా చిన్నాన్న దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన క్యారేజీ వ్యాగన్ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. గేర్ల సైకిలు ఆయన అంతకుముందు ముట్టుకోలేదు. చక్రం ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని, పుల్లల్ని ఒక్కొక్కటీ గోటితో మీటడం మొదలుపెట్టారు. టింగ్, టింగ్, టింగ్. ఒక చోట ఆగారు.

"ఇనబడిందేటిరా?"

"ఏం వినాలి చిన్నాన్నా?"

"ఇది సచ్చిపోనాది. మిగతావన్నీ పాడతాన్నాయి, ఇదొక్కటీ పాడతా లేదు. మళ్ళీ ఇను."

మళ్ళీ మీటారు. నిజమే, ఆ ఒక్క పుల్లా మొద్దుగా మోగింది. దాని మూతిని తాళంతో పావు చుట్టు తిప్పి, పక్క పుల్లని అరచుట్టు వదిలి, చక్రం తిప్పి చూశారు. అలా మూడు గంటలు. వాళ్ళ రోజుల్లో వ్యాగను చక్రాల్ని సుత్తితో కొట్టి శబ్దం వినేవారు. మంచి చక్రం గంటలా మోగుతుంది, బీట పడితే మొద్దుగా పలుకుతుంది. రాత్రిపూట యార్డులో లాంతరు పట్టుకుని నడుస్తూ నలభై వ్యాగన్ల చక్రాలు విని, ఏ వ్యాగను ఆపాలో చిన్నాన్న చెప్పేవారట. ఆ చెవి నా సైకిలు పుల్లల దగ్గర పనికొచ్చింది. ఆ చక్రం మీద ఇప్పటికి మూడేళ్ళు తిరిగాను, మళ్ళీ వంకర తియ్యవలసిన పని పడలేదు.

ఇక ఆ మట్టి సంగతి. నా టైరు కింద జారే మొరమూ, ఇక్కడి కోటల గోడలూ ఒకటే పదార్థం. లేటరైట్. ఫ్రాన్సిస్ బుకానన్ కేరళలో దీన్ని చూసి, 1807లో ఇటుకకి లాటిన్ మాట తీసుకుని ఆ పేరు పెట్టాడు. నేలలో ఉన్నంతసేపు కత్తితో కోసేటంత మెత్తన. కోసి గాలికీ ఎండకీ వదిలితే గట్టిపడుతుంది. ఇక్కడివాళ్ళు మాకడా పాథర్ అంటారు. కోటకి రాయి ఎక్కడినించో మోసుకు రానక్కర్లేదు, కోట లేవబోయే మిట్టే దానికి రాయి ఇస్తుంది. ఇది తెలిశాక నా తిరుగుడు మారిపోయింది. చుట్టూ సమంగా ఉన్న చోట చక్రం కింద నేల కాస్త లేచిందంటే అది రాయన్నా అయి ఉండాలి, ఎవరో కట్టిందన్నా అయి ఉండాలి.

మోగల్‌మారీ దగ్గర నాకది బాగా తెలిసింది. దాంతన్ దగ్గరి పల్లె. వెళ్ళే దారి 16వ నంబరు జాతీయ రహదారి. అదే రోడ్డు బాలాసోర్, భువనేశ్వర్ దాటి మా శ్రీకాకుళం మీదుగా చెన్నై దాకా పోతుంది. ఆ దుమ్ములో లారీల పక్కన తొక్కుతున్నప్పుడు అది తలుచుకుంటే ఓపిక వస్తుంది. రహదారి వదిలి పల్లెలోకి తిరిగితే నేల మెల్లగా లేస్తుంది. తెలియనివాడు గేరు కూడా మార్చడు. ఊళ్ళోవాళ్ళు దాన్ని సఖిసేన దిబ్బ అనేవారు. కలకత్తా విశ్వవిద్యాలయం పురావస్తు శాఖ 2003-04లో అశోక్ దత్తా ఆధ్వర్యంలో తవ్వడం మొదలుపెడితే దాని కింద బౌద్ధ విహారం బయటపడింది. ఇటుక గోడలు, వాటి మీద సున్నంతో పోసిన బొమ్మలు. 2016లో ఒక్క చోటే 95 కంచు విగ్రహాలు దొరికాయి. ఇంత దగ్గరలో ఉండి, ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళలో ఆ పల్లె చూసినవాళ్ళు నాకు తెలిసి పదిమంది లేరు. ఇది నన్ను బాధపెట్టే విషయం. సెలవు దొరికితే పూరీ వెళతాం, సింహాచలం వెళతాం. రైలు ఎక్కడికి పోతే అక్కడికి. రైలు ఆగని చోటు మనకి ఊరు కాదు. చూడాలంటే అసలు ఊరు దాటనక్కర్లేదు కూడా. ఐఐటీ 1951లో మొదలైన భవనం హిజ్లీ నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న అక్కడే పోలీసులు ఖైదీల మీద కాల్పులు జరిపి సంతోష్ మిత్రానీ, తారకేశ్వర్ సేన్‌గుప్తానీ చంపారు. రోజూ ఆ గేటు ముందునించే పోతాం.

శీతాకాలం వస్తే సైకిలుతో లోకల్ ఎక్కి ఝార్‌గ్రామ్‌లో దిగి, డులుంగ్ ఒడ్డున చిల్కీగఢ్ కనకదుర్గ గుడి చూసి, బేల్‌పహాడీ దాకా పోతాను. అక్కడ నిజంగానే కొండలున్నాయి. గాడ్రాసిని కొండ మీదికి సైకిలు పోదు, కింద పెట్టి నడవాల్సిందే. ఆ దారిలో నాకో నియమం ఉంది. వరి కోతల రోజుల్లో దల్మా అడవుల నించి ఏనుగుల మందలు దిగుతాయి. ఎండ బాగా పడేదాకా, ఊళ్ళో నలుగుర్ని అడిగేదాకా అడవిదారిలో చక్రం పెట్టను. పెద్ద సాహసం చేశానని చెప్పుకోవడానికి వాటి దారికి అడ్డుపోయే కుర్రాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. మనం పోయాక ఆ రాత్రి బెదిరిన మందతో వేగవలసింది ఆ పల్లెలవాళ్ళు.

అన్నింటిలోకీ నేను ఎక్కువసార్లు వెళ్ళింది కురుంబేరా కోటకి. కేశియాడీ దాటాక గగనేశ్వర్ పల్లెలో ఉంది, మా ఇంటినించి ముప్ఫై కిలోమీటర్లకి అటూఇటూ. చుట్టూ ఎత్తయిన లేటరైట్ గోడ, లోపల పెద్ద ఆవరణ, ఆ గోడ పొడుగునా లోపలివైపు స్తంభాల వసారా. మధ్యలో మూడు గుమ్మటాల కట్టడం, అది ఔరంగజేబు కాలంలో చేరింది. కోట 15వ శతాబ్దంలో గజపతి కపిలేంద్రదేవుడి నాటిదని అక్కడి ఒడియా శాసనాన్ని బట్టి చెబుతారు. రాజమండ్రి, కొండవీడు గెలిచిన కపిలేంద్రుడే. అంటే మా ముత్తాత బయల్దేరిన ఊరినీ, వచ్చి పడిన ఊరినీ ఒకప్పుడు ఒక్కడే ఏలాడు. మొదటిసారి అది లెక్క కట్టుకున్నప్పుడు ఆ వసారాలో చాలాసేపు కూర్చుండిపోయాను.

పోయిన మాఘమాసంలో చిన్నాన్నని రమ్మన్నాను. డెబ్బై నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి ఆయన కేశియాడీ దాటలేదు. ఆయన బస్సులో వచ్చి అక్కణ్ణించి టోటో, అదే బ్యాటరీ రిక్షా, కట్టించుకున్నారు. నేను సైకిలు మీద ముందే చేరి గేటు దగ్గర నిలబడ్డాను. దిగీదిగగానే చక్రం వైపు చూసి, ముందుది ఒక్కసారి తిప్పి, తలూపి, లోపలికి నడిచారు.

గోడ దగ్గర ఆగారు. ఎండకి నల్లబడ్డ రాయి, తేనెపట్టులా చిన్నచిన్న రంధ్రాలు. అరచెయ్యి ఆనించారు. మధ్యవేలు మడిచి, కణుపుతో మెల్లగా రెండుసార్లు తట్టి, చెవి దగ్గరపెట్టి విన్నారు. ఒక అడుగు జరిగి ఇంకో రాయి. మళ్ళీ ఇంకో అడుగు. అలా వసారా పొడుగునా పోతూనే ఉన్నారు. నేను టిఫిను డబ్బా పట్టుకుని వెనక నడిచాను, ఆయన వినడం అయ్యేదాకా మూత తియ్యలేదు.