నెట్ ఏ పొరలో ఆగింది?

2016 డిసెంబరు 29న కోనసీమలో సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామంలో నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఫైబర్ ఇంటర్నెట్‌ను ప్రారంభించారు. జీడిపప్పుకు పేరుపడ్డ ఆ ఊరికి 15 ఎంబీపీఎస్ వేగంతో నెట్, దాంతోపాటే టీవీ, ఫోను ఒకే తీగ మీద వచ్చాయి. మరుసటి ఏడాది డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్ర ఫైబర్ గ్రిడ్‌ను జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయల ప్యాకేజీ ఊరూరా మోగిపోయింది. తీగ వెయ్యడం ఒక ఎత్తు, వేసిన తీగను రోజూ బతికించుకోవడం మరో ఎత్తు. ఆ రెండో పని చేసేవాళ్ల విద్య గురించి చెప్పుకోవాలి.

కోనసీమలో అది తేలికైన పని కాదు. కరెంటు స్తంభాల మీదుగా, కొబ్బరితోటల మధ్య నుంచి ఫైబర్ పోతుంది. మట్ట విరిగి పడితే తీగ తెగుతుంది. ఉడుతలు కొరికేస్తాయి. ఉప్పుగాలికి కనెక్టర్లలోని లోహం తుప్పుపడుతుంది. గోదావరికి వరదొస్తే లంకల్లోని ఫైబర్ డబ్బాలన్నీ నీళ్లపాలు. ఇన్ని కారణాలున్నా ఆపరేటర్‌కు వచ్చే ఫోన్‌లో వినబడేది మాత్రం ఒకే మాట: "నెట్ రావట్లేదండి." ఆ మాట వెనక ఏ లోపం దాగుందో తేల్చడానికి మంచి టెక్నీషియన్ ఊహల్ని నమ్ముకోడు. నెట్‌వర్క్‌ను పొరలుగా విడదీసి, ఒక్కో పొరనూ రుజువు చేసుకుంటూ పోతాడు.

ఈ పొరల లెక్కకు పుట్టిల్లు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ. ఒక్కో కంపెనీ కంప్యూటర్లు ఒక్కో భాష మాట్లాడుతున్న రోజుల్లో, వాటి మధ్య సంభాషణను ఏడు అంతస్తులుగా విభజించి 1984లో ఓఎస్ఐ నమూనాను ప్రచురించారు. అడుగున భౌతిక పొర, దాని మీద వరసగా డేటా లింక్, నెట్‌వర్క్, ట్రాన్స్‌పోర్ట్, సెషన్, ప్రెజెంటేషన్, పైన అప్లికేషన్. ప్రపంచం చివరికి వాడుకలో పెట్టింది టీసీపీ/ఐపీ అనే మరో పద్ధతిని. అయినా లోపం వెతికేవాళ్లకు ఆ ఏడంతస్తుల లెక్కే ఇప్పటికీ ఆధారం. అందులోని సూత్రం చిన్నది: పై పొర ఎప్పుడూ కింది పొర మీదే నిలబడుతుంది. కిందిది పడిపోతే పైవాటిని ఎంత సవరించినా ఫలితం ఉండదు.

అందుకే మొదటి ప్రశ్న లైట్ల గురించే.

"పిన్నిగారూ, డబ్బా మీద ఏ లైటు వెలుగుతోందండి?"

"ఎర్రదే బాబూ, కొట్టుకుంటా ఉంది."

ఆ జవాబుతో సగం పని అయిపోయినట్టే. LOS అని రాసిన చోట ఎర్రలైటు కొట్టుకుంటోందంటే ఇంటిదాకా కాంతి రావట్లేదు. పాస్‌వర్డ్ మార్చినా, ఫోన్ రీసెట్ చేసినా వచ్చేదేమీ లేదు. ఇక పవర్ మీటర్ తీసుకుని బయల్దేరాలి. ఆకుపచ్చ కనెక్టర్ ఊడదీసి మీటర్‌కు పెట్టినప్పుడు మైనస్ 20 డీబీఎం చూపిస్తే మేలు. మైనస్ 27, 28 దాటిందంటే ఇంట్లోని పెట్టె ఆ కాంతిని చదవలేదు. ఈ కొలతలో ప్రతి మూడు డీబీల తగ్గుదలకూ కాంతి సగం అవుతుంది. స్తంభం మీది స్ప్లిటర్ ఒక్క తీగ వెలుగును ఎనిమిది ఇళ్లకు పంచితే, పది డీబీల పైన అక్కడే పోతుంది. దాని తర్వాత తీగ మరీ వంచి మేకుకు చుట్టినా, కనెక్టర్ మొన మీద దుమ్ము చేరినా మిగిలిన కొద్దిపాటి వెలుగూ ఆరిపోతుంది. స్ప్లిటర్ దగ్గర కొలిచి, ఇంటి దగ్గర కొలిచి చూస్తే లోపం ఆ రెంటి మధ్య ఉందో, వెనక ఉందో తేలిపోతుంది. తెగితే స్ప్లైసింగ్ మిషన్‌లో పెట్టి, వెంట్రుకంత గాజుపోగుల్ని కరిగించి అతకడమే.

ఎర్రలైటు లేదు, పచ్చలైటు నిలకడగా వెలుగుతోంది అనుకుందాం. అప్పుడు రెండో పొర. ఇక్కడ ఎక్కువ తంటా వైఫైదే. మందపాటి గోడల మండువా లోగిలిలో వీధి అరుగు దగ్గర పెట్టిన రౌటర్ వంటింటిదాకా వినబడదు. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగమైనదే గానీ గోడలు దాటడంలో బలహీనం. 2.4 దూరం పోతుంది. ఒక కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ను నేరుగా రౌటర్‌కు కలిపితే తేడా తెలిసిపోతుంది. కేబుల్‌తో వస్తే లోపం గాలిలో ఉంది. కేబుల్‌తోనూ రాకపోతే మెట్టు ఎక్కాలి.

మూడో పొరలో చిరునామాలు. కంప్యూటర్‌కు 192.168తో మొదలయ్యే అంకె వచ్చిందా? 169.254తో మొదలైతే రౌటర్ చిరునామా ఇవ్వలేదని, కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. తర్వాత పింగ్. 1983లో మైక్ మూస్ రాసిన ఈ చిన్న ప్రోగ్రాం నేటికీ ఈ వృత్తికి కుడిభుజం. ముందు రౌటర్‌ను పిలవాలి, తర్వాత బయట ఉన్న 8.8.8.8ను పిలవాలి. రౌటర్ పలికి బయటిది పలకకపోతే ట్రేస్‌రూట్‌తో దారి పొడుగునా చూడాలి. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే నీరు శివారు పొలానికి అందకపోతే రైతు చేసేదీ ఇదే. బోదె పట్టుకుని ఎగువకు నడుస్తాడు, ఎక్కడిదాకా తడి ఉందో చూస్తాడు. ఆగిన చోటు దొరికితే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

అంకె పలికి పేరు పలకకపోతే లోపం పేరును అంకెగా మార్చే డీఎన్ఎస్‌లో ఉంది. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని మధ్యలో వేలాడితే ప్యాకెట్ కొలత చూడాలి. పీపీపీఓఈ కనెక్షన్‌లో 1500 బైట్ల బదులు 1492 పెట్టాల్సి ఉంటుంది. ఇంకా పైన మరో చిత్రం ఉంది. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. అప్పుడు బ్రౌజర్ ప్రతి సురక్షిత సైటునూ అనుమానిస్తుంది. జనం నెట్ పోయిందంటారు. నెట్ నిక్షేపంలా ఉంటుంది, తేదీ సరిచేస్తే చాలు.

అన్నిసార్లూ అడుగు నుంచే మొదలుపెట్టాలనేం లేదు. అనుభవమున్నవాళ్లు మధ్యలో పింగ్‌తో మొదలుపెడతారు. అది పలికితే కింద మూడు పొరలూ బాగున్నట్టే, పైకి పోతారు. పలకకపోతే కిందికి దిగుతారు. ఎక్కడ మొదలుపెట్టినా రెండు నియమాలు తప్పరు. ఒకసారికి ఒక్కటే మార్చడం, మార్చిందాన్ని రాసిపెట్టుకోవడం. నాలుగు ఒకేసారి మార్చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. అదే లోపం వచ్చే వారం మళ్లీ తలుపు తడుతుంది.

ఈ పద్ధతి లోపం ఎవరి చేతిలో ఉందో కూడా నిక్కచ్చిగా చెబుతుంది. 2022 మే 24న అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమ జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేసినప్పుడు ఫోన్లలో సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి. డేటా మాత్రం లేదు. కింది పొరలు సరిగ్గా ఉన్నాయని చూసుకున్నవాళ్లు లోపం తమ చేతిలో లేదని గ్రహించి ఫోన్ విప్పించలేదు, సిమ్ మార్చలేదు.

ఈ విద్య విలువ మన కోనసీమ లాంటి చోట మరీ ఎక్కువ. పి.గన్నవరం మండలంలో ఊడిమూడిలంక లాంటి ఊళ్లకు వరద రోజుల్లో పడవే దారి. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరిపోయేదానికి మనిషిని పడవెక్కించడం, తెగిన తీగకు మిషన్ లేకుండా వెళ్లి వెనక్కి రావడం రెండూ దండగే. ఆ మధ్యలో ఆన్‌లైన్ పరీక్ష రాసే పిల్ల, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగి కూర్చునే ఉంటారు. ఫోన్‌లోనే నాలుగు సరైన ప్రశ్నలడిగి పొర తేల్చుకున్న టెక్నీషియన్ కావాల్సిన సామాను పట్టుకుని ఒక్కసారే వెళతాడు.

అందుకే ఈ పొరల పాఠం ఇంజనీరింగ్ పరీక్షలో ఏడు పేర్లు వరసగా రాయడంతో ఆగిపోకూడదు. ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో పవర్ మీటర్ చేతికిచ్చి, తీగ తెంపి, వెతికి పట్టుకోమని నేర్పాలి, అదీ తెలుగులో. కనెక్షన్ పెట్టిన రోజే ఇంటివాళ్లకు ఏ లైటు ఏం చెబుతుందో వివరించాలి. పెట్టెలు ఏటా మారతాయి, కంపెనీలు మారతాయి. తేల్చుకున్న దాని మీద నిలబడి తర్వాతి మెట్టు చూసే అలవాటు ఒకసారి వచ్చిందంటే, ఏ పెట్టె ముందైనా అక్కరకొస్తుంది.